జూన్ పదో తేదీ: ఇద్దరు పిల్లల నిబంధన మీద నడిచిన ఒక ఎన్నికల పిటిషన్

2021 ఫిబ్రవరి 12. పంచాయతీ ఎన్నికల నాలుగో విడతకు నామినేషన్లు వేయడానికి అదే ఆఖరి రోజు. చీకటి పడ్డాక కోనసీమలోని ఒక ఊరి నుంచి భార్యాభర్తలు లాయరుగా నేను నడిపే ఆఫీసుకు వచ్చారు. సర్పంచి పదవికి భార్య నామినేషన్ వేశారు. మర్నాడు పరిశీలన. ఆమెకు ముగ్గురు పిల్లలని, మూడోవాడు గడువు దాటాక పుట్టాడని ఎదుటి వర్గం అభ్యంతరం పెట్టబోతున్న సంగతి అప్పటికే ఊరంతా పాకింది.

"గడువు దాటాక పుట్టాడా అమ్మా?" అని అడిగాను.

"లేదండీ, ముందే" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"కాగితం ఉందా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ కాగితం దొరకడానికి ఏడాదిన్నర పట్టింది. అది వాళ్లింట్లోనే, ట్రంకు పెట్టె అడుగున, పెళ్లి చీర మడతల్లో ఉంది. నేను సరైన ప్రశ్న అడిగి ఉంటే ఆ రాత్రే బయటికి వచ్చేది. గెలిచిన కేసే అయినా దీని గురించి రాయడానికి కారణం ఆ అడగని ప్రశ్న. కక్షిదారులెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

చట్టం సంగతి ముందు చెప్పాలి. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత పంచాయతీలకు ఎవరు పోటీ చేయవచ్చో, ఎవరు చేయకూడదో నిర్ణయించే అధికారం 243-ఎఫ్ అధికరణం కింద రాష్ట్ర శాసనసభలకు దక్కింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ అధికారంతోనే 1994 పంచాయతీరాజ్ చట్టంలో 19వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ పెట్టింది. దాని ప్రకారం ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీకి అనర్హులయ్యేవారు, గెలిచాక మూడో బిడ్డ పుట్టినా పదవి పోయేది. అయితే దానికి రెండు మినహాయింపులు. చట్టం అమల్లోకి వచ్చిన 1994 మే 30 నుంచి ఏడాది లోపల పుట్టిన బిడ్డను లెక్కలోకి తీసుకునేవారు కాదు. అప్పటికే ముగ్గురో నలుగురో ఉన్నవారికి ఆ సంఖ్య పెరగనంత కాలం అడ్డు ఉండేది కాదు. కాబట్టి మా ప్రాంతంలో ఈ తగవులన్నీ ఒకే చోట తేలేవి: ఆఖరి బిడ్డ 1995 మే నెలాఖరుకు ముందు పుట్టాడా, తర్వాత పుట్టాడా? కాగితం మీద ఇది జనాభా నియంత్రణ చట్టం. స్క్రూటినీ బల్ల దగ్గర మాత్రం ఇది పుట్టిన తేదీల చట్టం.

ఆ రోజుల్లో పల్లెటూళ్లలో పురుళ్లు చాలావరకు ఇళ్లలోనే జరిగేవి. జనన నమోదు చేయించాలన్న ఆలోచనే చాలామందికి ఉండేది కాదు. పిల్లవాడికి తేదీ అన్నది మొదటిసారి వచ్చేది బడిలో చేరిన రోజునే. దాన్ని రాసేది మాస్టారు.

ఫిబ్రవరి 13 పొద్దున పరిశీలనకు అభ్యర్థితో పాటు నేనూ వెళ్లాను. ఎదుటి అభ్యర్థి కుర్రవాడి పదో తరగతి సర్టిఫికెట్ నకలు పెట్టాడు. పుట్టిన తేదీ 10-06-1996. రిటర్నింగ్ అధికారి మావైపు తిరిగి, మీ దగ్గర ఏముందని అడిగారు. నేను చేసిన తప్పు ఇక్కడే జరిగింది. ఆమె సంచిలో ఉన్న కుర్రవాడి ఆధార్ కార్డు నకలును, తేదీ చూసుకోకుండా, గుర్తింపు కోసమని ముందుకు నెట్టాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చదివి, "ఇందులోనూ 1996 జూన్ పదేనండీ" అన్నారు. ఆధార్ తీయించింది పదో తరగతి సర్టిఫికెట్ చూపించే కదా, వేరే తేదీ ఎలా ఉంటుంది? ఎదుటివాడి వాదనకు రెండో సాక్ష్యం నా చేత్తో నేనే అందించాను. ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో అంత సిగ్గుపడిన రోజులు తక్కువ. పదిహేను నిమిషాల్లో నామినేషన్ తిరస్కరించారు. కారణం అరపేజీ.

ఆ అధికారిని నేను తప్పుపట్టను. ఆయనకు ఆ రోజు కొన్ని పంచాయతీల నామినేషన్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి, సర్పంచివీ వార్డు సభ్యులవీ కలిపి. ముందు రెండు కాగితాలు, రెండింటిలోనూ ఒకే తేదీ. సంక్షిప్త విచారణ అంటే అంతే. అసలు చిక్కు ఇంకొకటి. ఆ బల్ల దగ్గర తప్పు జరిగితే కోర్టుకు పరుగెత్తి ఎన్నిక ఆపించే వీలు దాదాపు లేదు. 243-ఓ అధికరణం ప్రకారం పంచాయతీ ఎన్నికను ప్రశ్నించాలంటే ఎన్నిక ముగిశాక పిటిషన్ వేసుకోవలసిందే. పోలింగ్ అయిపోయి, వేరొకరు కుర్చీలో కూర్చున్నాక, మూడేళ్లకు "నీ నామినేషన్ చెల్లుతుంది" అని తీర్పు వస్తే దాన్ని ఏం చేసుకోవాలి? మిగిలింది ఒక్కటే దారి, తిరస్కరణ మీద అప్పీలు. దానికి గడువు ఒక్క రోజు. ఆ రోజు ఆదివారం.

శనివారం రాత్రంతా కూర్చుని అప్పీలు రాశాను. మొత్తం బరువు ఒక తీర్పు మీద వేశాను. బీరద్ మల్ సింఘ్వీ కేసులో 1988లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. అదీ ఎన్నికల తగవే. రాజస్థాన్ అసెంబ్లీ ఎన్నికల్లో వయసు చాలదని కొందరి నామినేషన్లు తిరస్కరిస్తే వచ్చిన కేసు. బడి రిజిస్టరులో పుట్టిన తేదీ రాసి ఉన్నంత మాత్రాన అది రుజువైపోదు, ఆ తేదీ ఎవరు చెప్పారు, వాళ్లకు అది ఎలా తెలుసు అన్నది తేలకపోతే ఆ నమోదుకు విలువ లేదు అని కోర్టు చెప్పింది. పల్లె ఎన్నికల కేసులు పట్టేవారి సంచిలో ఈ తీర్పు నకలు ఎప్పుడూ ఉండాలి. ఇద్దరు పిల్లల గొడవ కాకపోయినా, అభ్యర్థికి 21 ఏళ్లు నిండాయా లేదా అన్న తగవులోనూ ఇదే పనికొస్తుంది.

అప్పీలు అధికారి ఆదివారం కాగితాలు తీసుకున్నారు. సోమవారం మధ్యాహ్నం తిరస్కరణ రద్దు చేశారు. వివాదంలో ఉన్న పుట్టిన తేదీని సంక్షిప్త విచారణలో తేల్చలేమని, అభ్యంతరం పెట్టినవారే రుజువు చేసుకోవాలని రెండు పేరాల్లో రాశారు. ఫిబ్రవరి 21న పోలింగ్. ఆమె 41 ఓట్లతో గెలిచారు. ముప్పై రోజుల్లోపు ఓడినవారు ఎన్నికల పిటిషన్ వేశారు. మా వైపు గ్రామ పంచాయతీ సర్పంచి ఎన్నిక మీద ట్రిబ్యునల్ అంటే జూనియర్ సివిల్ జడ్జి కోర్టే. నోటీసు అందే సమయానికి కరోనా రెండో ఉధృతి మొదలైంది. వాయిదాల మీద వాయిదాలతో ఆ ఏడాది గడిచిపోయింది.

ఆ కాలమంతా నేను కుర్రవాడి కాగితాల కోసం వెతికాను. జనన నమోదు లేదు, ఆలస్యపు నమోదూ లేదు. టీకాల కార్డు పోయింది. అంగన్‌వాడీ పాత పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయో ఎవరికీ తెలియదు. మిగిలింది బడి. పిటిషనర్ కూడా దాన్నే నమ్ముకున్నాడు. ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టరును కోర్టుకు తెప్పించాడు. తేవడమే మాకు మేలయింది.

ఆ రిజిస్టరు గురించి కొంచెం చెప్పాలి. పొడుగాటి పుస్తకం, గోధుమరంగు అట్ట, అంచులు చెదలు కొట్టాయి. 2001 జూన్ 13న ఒకటో తరగతిలో చేరినవారి పేజీ తెరిచి, బెంచి క్లర్కు అనుమతితో నేను అరగంట నిలబడి చూశాను. ఆ పేజీలో 19 పేర్లున్నాయి. పుట్టిన తేదీల గడి మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ వచ్చాను. 10-06-1996. 05-06-1996. 10-06-1996. 12-06-1996. 10-06-1996. పందొమ్మిది మందిలో పద్నాలుగు మంది జూన్ నెలలోనే, అదీ మొదటి పదిహేను రోజుల్లోనే పుట్టారు! ఆ ఊళ్లో గర్భాలన్నీ ఏదో పండగ చూసుకుని నిలిచాయనుకోవాలి. అన్నీ ఒకే చేతిరాత, ఒకే సిరా. తండ్రి సంతకం ఉండవలసిన గడి పేజీ మొత్తం ఖాళీ.

దీనికి అర్థం పల్లెటూరి బడిలో చదివిన ఎవరికైనా తెలుసు. ఒకటో తరగతికి అయిదేళ్లు నిండాలి. బడులు తెరిచేది జూన్‌లో. మాస్టారు పిల్లవాడిని చూసి, చేరిన రోజుకు అయిదేళ్లు నిండేలా వెనక్కి లెక్కగట్టి ఒక తేదీ వేసేవారు. ఆరేళ్లవాడికి కూడా అదే తేదీ. ఒక ఏడాది తగ్గితే రేపు సర్కారు ఉద్యోగానికి పనికొస్తుందన్న సదుద్దేశం. నా తేదీ కూడా జూన్‌లోనే ఉంది, నేను పుట్టింది కార్తీకంలో. ఇప్పటి ప్రధానోపాధ్యాయుడిని క్రాస్ ఎగ్జామినేషన్ చేసినప్పుడు రెండే ప్రశ్నలు వేశాను. ఈ తేదీ ఎవరు చెప్పారో ఈ పుస్తకంలో ఉందా? లేదండీ. రాసిన మాస్టారు ఉన్నారా? కాలం చేశారండీ. ఇక కూర్చున్నాను. మూడో ప్రశ్న వేసి ఉంటే అందులోంచి ఏదో ఒకటి నా మీదికే వచ్చేది.

అంతవరకు బాగుంది. ఎదుటివాడి తేదీ బలహీనపడింది. మన తేదీ ఏది?

తల్లి దగ్గర తేదీ లేదు, జ్ఞాపకాలున్నాయి. నేను ఆమె చీఫ్ అఫిడవిట్, అంటే సాక్షిగా ఆమె రాసి ఇవ్వవలసిన వాంగ్మూలం, తయారు చేస్తూ మూడు సాయంత్రాలు ఆమె చేత మాట్లాడించాను. రామారావుగారు గెలిచిన ఎన్నికలకు తనకు అయిదో నెల అని, వేవిళ్లు తగ్గి అప్పుడే అన్నం సయిస్తోందని చెప్పారు. ఆ ఎన్నికలు జరిగింది 1994 డిసెంబరు మొదటి వారంలో. రామారావుగారు పోయారని రేడియోలో చెప్పిన రోజున పిల్లవాడు పాకుతూ వచ్చి రేడియో తీగ లాగాడట. అది 1996 జనవరి 18. ఆ తర్వాత తుపాను.

కోనసీమలో కాలాన్ని లెక్కపెట్టుకోవడానికి తుపానును మించిన గుర్తు లేదు. 1996 నవంబరు 6 రాత్రి. ఆమె కోర్టులో చెప్పింది రికార్డుకెక్కినంత వరకు ఇలా ఉంది: "మా ఇంటి పైకప్పు లేచిపోయింది. బడి డాబాలోకి పరుగెత్తాం. ఆడపిల్లలిద్దరినీ మా ఆయన ఎత్తుకున్నారు. వీడు నా కొంగు పట్టుకుని నడిచాడు. మోకాలి లోతు నీళ్లు వచ్చాక ఎత్తుకున్నాను. రాత్రంతా 'నీళ్లు, నీళ్లు' అని ఏడ్చాడు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు."

బడి లెక్క ప్రకారం ఆ రాత్రికి వాడికి ఇంకా అయిదు నెలలు కూడా నిండి ఉండకూడదు. అయిదు నెలల బిడ్డ కొంగు పట్టుకుని నడవడు, నీళ్లు కావాలని అడగడు.

క్రాస్‌లో ఎదుటి లాయరు ఆమెను ఏడ్పించాలని చూశారు. "మీరు ఎంతవరకు చదివారు?" "అయిదు." "తేదీలు గుర్తుండవు కదా?" "ఉండవండీ." "మరి తుపాను ఏ సంవత్సరం వచ్చిందో ఎలా తెలుసు?" ఆమె కాసేపు ఆయన వైపే చూసి, "మీది కూడా ఈ పక్కేగా బాబూ, మీకు తెలియదా?" అన్నారు. జడ్జిగారు తల వంచుకుని రాసుకోసాగారు. నవ్వు దాచుకోవడానికే అనుకుంటాను.

అయినా ఇది తల్లి మాట. స్వార్థం ఉన్న సాక్షి మాట. దీని మీదే కేసు నిలబెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. కుర్రవాడిని సాక్షిగా పిలవాలా అన్నది రెండో చిక్కు. అతను కువైట్‌లో డ్రైవరు. ఫోనులో మాట్లాడాను. మర్యాదగానే మాట్లాడాడు, గొంతులో భయం మాత్రం దాగలేదు. "అయ్యా, నా పాస్‌పోర్టులో 1996 ఉంది. మీరు కోర్టులో 1995 అని రుజువు చేస్తే నా పాస్‌పోర్టు తప్పుడుదైపోదా? అమ్మ సర్పంచి కావడానికి నా ఉద్యోగం పోవాలా?"

ఈ ప్రశ్నకు చట్టం పుస్తకాల్లో జవాబు వెతకడం దండగ. తల్లి హక్కు ఒకవైపు, కొడుకు కూడు ఒకవైపు, రెండింటి మధ్యా ఎప్పుడో ఒక మాస్టారు దయతలచి రాసిన తేదీ. అతన్ని పిలవకూడదని నిర్ణయించుకున్నాను. ఆ కారణంగా నా వాదన స్వరూపమే మార్చవలసి వచ్చింది. అతను ఫలానా రోజున పుట్టాడని రుజువు చేసే పని పెట్టుకోలేదు. గడువు తర్వాత పుట్టాడని పిటిషనర్ రుజువు చేయలేకపోయాడు, అంతవరకే మా వాదన. అందులో ప్రమాదం లేకపోలేదు. అందుబాటులో ఉన్న సాక్షిని దాచిపెట్టారని కోర్టు అనుకుంటే దాన్ని మాకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు. ఆ ప్రమాదం తెలిసే చేశాను.

2022 ఆగస్టులో ఒక సాయంత్రం వాదనలకు నోట్సు రాసుకుంటూ, వేరే ఏదో ఆలోచిస్తూ, సర్పంచి గారిని మామూలుగా అడిగాను. "మూడోవాడి తర్వాత ఇక పిల్లలు వద్దనుకున్నారా అమ్మా?"

"ఆపరేషన్ చేయించుకున్నానుగా. వీడు పాకుతుండగానే ఆపరేషన్ అయిపోయింది."

నేను కలం కింద పెట్టాను. ఏడాదిన్నరగా బిడ్డ కాగితాలు అడుగుతున్నాను. తల్లి కాగితాలు ఒక్కసారీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ట్రంకు పెట్టె తెరిచారు. మడతల దగ్గర చిరుగులు పట్టిన ఒక చీటీ దొరికింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరంలో ట్యూబెక్టమీ చేసినట్టు మెడికల్ ఆఫీసరు సంతకంతో ఇచ్చింది. తేదీ 1995 డిసెంబరు 12. బతికి ఉన్న పిల్లలు: ముగ్గురు. ఆఖరి బిడ్డ వయసు: ఎనిమిది నెలలు. సిరా లేత గోధుమరంగుకు తిరిగింది కానీ అంకెలు చదవవచ్చు. 1995 డిసెంబరులో ఆపరేషన్ చేయించుకున్న ఆడమనిషి 1996 జూన్‌లో ఎలా ప్రసవిస్తుంది?

ఒక కాగితం దొరికితే కేసు అయిపోదు, కాగితాన్ని రుజువు చేయాలి. ముప్పై ఏళ్లు నిండిన పత్రమైతే అప్పుడు అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 90వ సెక్షన్ కింద సంతకం అసలుదేనని కోర్టు ఊహించుకోవచ్చు. ఈ చీటీకి ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు. సంతకం చేసిన డాక్టరు ఎక్కడున్నారో తెలియదు. ఆరోగ్య కేంద్రం రిజిస్టరు కోసం సమన్లు పంపిస్తే, అంత పాత పుస్తకాలు లేవని జవాబు వచ్చింది. అప్పుడు ఆ శిబిరానికి ఊరి ఆడవాళ్లను తీసుకెళ్లిన ఏఎన్ఎమ్ (ఊళ్లో తిరిగే ప్రభుత్వ నర్సు) కోసం వెతికాం. ఉద్యోగ విరమణ చేసి రాజమహేంద్రవరంలో కూతురి దగ్గర ఉంటున్నారు. మోకాళ్ల నొప్పులతోనే కోర్టుకు వచ్చారు. ఆ డాక్టరు దగ్గర నాలుగేళ్లు పనిచేశానని, సంతకం ఆయనదేనని గుర్తుపట్టారు. చేతిరాత తెలిసినవారి అభిప్రాయం అదే చట్టం 47వ సెక్షన్ కింద చెల్లేది. ఎదుటి లాయరు ఆమెను, "వేలమందిలో ఈమె ఆపరేషన్ మీకెలా గుర్తుంది?" అని నిలదీశారు. "ఈమె గుర్తు లేదండీ. ఆ నెల నాకిచ్చిన టార్గెట్ గుర్తుంది, అది పూర్తికావడానికి ఇంటింటికీ తిరగడం గుర్తుంది" అన్నారు ఆవిడ. నా దృష్టిలో ఆ కేసులో అంత నమ్మకమైన వాక్యం ఇంకెవరి నోటి నుంచీ రాలేదు. అన్నీ గుర్తున్నాయనే సాక్షి కంటే గుర్తు లేనిది గుర్తు లేదనే సాక్షినే జడ్జిలు నమ్ముతారు.

వాదనల్లో ఎదుటివారు ఒక మంచి ప్రశ్నే లేవనెత్తారు. చీటీ నిజమైనా, ఎనిమిది నెలలన్నది తల్లి చెప్పిన అంచనా, ఆరు నెలలు కూడా కావచ్చు, అప్పుడు పుట్టుక జూన్‌లోకి, అంటే గడువు దాటాక, జరుగుతుంది కదా అన్నారు. నిజమే, కావచ్చు. కానీ అది పిటిషన్‌లో చెప్పిన కేసు కాదు. పిటిషన్‌లో ఉన్నది 1996 జూన్ పది. ఆ తేదీ కూలిపోయాక, 1995 జూన్ అని కొత్త తేదీని వాదనల రోజున తీసుకొస్తే దానికి ప్లీడింగు (ముందే రాతపూర్వకంగా పెట్టిన వాదన) లేదు, సాక్ష్యం లేదు.

2023లో పిటిషన్ కొట్టివేశారు. గడువు తర్వాత పుట్టాడన్న విషయాన్ని పిటిషనర్ రుజువు చేయలేదని తీర్పు. నేను విడిగా కోరిన ఒక వాక్యం కూడా అందులో ఉంది: కుర్రవాడి పుట్టిన తేదీ ఫలానా అని ఈ కోర్టు నిర్ణయించడం లేదు. ఆ పేజీ ఫొటో తీసి కువైట్‌కు పంపాను. రెండు దండాల బొమ్మలు తిరిగి వచ్చాయి. ఎదుటివారు హైకోర్టుకు వెళ్తామన్నారు కానీ వెళ్లలేదు.

ఇదే నిబంధన కింద నేను ఓడిపోయిన కేసులూ ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఓడిపోవడమే సబబు, వాస్తవం ఎదుటివైపే ఉంది. ఒకటి మాత్రం మనసులో నుంచి పోదు. పరిశీలన బల్ల దగ్గర ఒక తండ్రి, తన మూడో కూతురు తన చెల్లెలి బిడ్డ అని చెప్పాడు. పదేళ్ల ఆ పిల్ల ఆఫీసు అరుగు మీద కూర్చుని జామకాయ తింటోంది. నా కక్షిదారే కాబట్టి నేను మాట్లాడకుండా నిలబడ్డాను. నామినేషన్ పోయింది. పోకపోతే ఆ అబద్ధం అయిదేళ్లు ఆ ఇంట్లో కాపురం చేసేది. మాజీ ఐఏఎస్ అధికారి నిర్మలా బుచ్ అయిదు రాష్ట్రాల్లో, మన రాష్ట్రం కూడా అందులో ఉంది, ఈ నిబంధన ప్రభావం మీద అధ్యయనం చేసి 2005లో ప్రచురించారు. పిల్లలను కాదనడం, దత్తత పేరుతో వదిలించుకోవడం, భార్యలను వదిలేయడం, అన్నీ అందులో ఉన్నాయి. దత్తత ఇచ్చినా ఉపయోగం లేదని అంతకు ముందే, 2003లో, జావేద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. హర్యానా చట్టం మీద వచ్చిన ఆ తీర్పు, పోటీ చేసే హక్కు ప్రాథమిక హక్కు కాదని, చట్టం ఇచ్చిన హక్కును చట్టమే షరతులతో ఇవ్వవచ్చని చెప్పి ఇద్దరు పిల్లల నిబంధనను సమర్థించింది. ఆ హర్యానాయే 2006లో నిబంధనను ఎత్తేసింది.

న్యాయసూత్రంగా జావేద్ తీర్పును కాదనడానికి నాకు స్తోమత లేదు. చిన్న కోర్టు లాయరుగా నాకు కనిపించింది మాత్రం చెబుతాను. ఎంతమంది పిల్లల్ని కనాలో నిర్ణయించే అధికారం ఆ ఇళ్లలో చాలావరకు ఆడవాళ్లకు లేదు. నా కక్షిదారు కూడా ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోసారి ఎందుకు కన్నారో వేరే చెప్పనక్కర్లేదు, మగపిల్లవాడి కోసం. ఆ నిర్ణయం అత్తగారిది. అనర్హత వేటు కోడలి నామినేషన్ మీద. ఈ నిబంధనను పార్లమెంటు సభ్యులకు, శాసనసభ్యులకు కూడా పెట్టాలని 1992లో రాజ్యసభలో 79వ రాజ్యాంగ సవరణ బిల్లు వచ్చింది. అది గట్టెక్కలేదు. వార్డు సభ్యురాలికి ఉన్న షరతు ఎమ్మెల్యేకు లేకపోయింది.

ఫలితం సాధించిందంటారా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 1992-93లో మన రాష్ట్రంలో సగటున ఒక స్త్రీకి 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. తగ్గింది నిజమే. అలాంటి నిబంధనే లేని కేరళ, తమిళనాడుల్లోనూ తగ్గింది. మనవైపు తగ్గించింది సర్పంచి పదవి మీద ఆశ కాదు, ఆ ఏఎన్ఎమ్ చెప్పిన టార్గెట్లూ ఆడపిల్లల చదువులూ అని నా లెక్క.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పంచాయతీరాజ్, మున్సిపల్ చట్టాలు రెండింటిలోనూ ఈ నిబంధనను తీసేసింది. పిల్లలు తగ్గిపోతున్నారన్నది ఇప్పటి ఆందోళన. తెలంగాణలో 2018 నాటి కొత్త పంచాయతీరాజ్ చట్టంలోకి కూడా పాత నిబంధన 21వ సెక్షన్‌గా దిగింది. 2025 అక్టోబరులో అక్కడి మంత్రివర్గం దాన్ని ఎత్తివేయాలని నిర్ణయించింది. పిల్లలు ఎక్కువయ్యారని పెట్టారు, తక్కువయ్యారని తీశారు. రెండుసార్లూ లెక్క చూసుకున్నది రాష్ట్రం. ఈ మధ్య మూడు దశాబ్దాల్లో నామినేషన్ బల్ల దగ్గర నుంచి వెనక్కి తిరిగినవారి లెక్క ఎవరూ తీసినట్టు లేదు.

శాసనసభలో బిల్లు గెలిచిన వారంలో సర్పంచి గారు ఫోను చేశారు. నిబంధన గురించి మాట్లాడతారనుకున్నాను. ఆమెకు కావలసింది వేరే. "ఆ చీటీ కోర్టులోనే ఉండిపోయింది కదండీ, అది వెనక్కి ఇస్తారా?" అని అడిగారు. ఎందుకమ్మా అంటే, "నా పేరు మీద గవర్నమెంటు వాళ్లు ఇచ్చిన మొట్టమొదటి కాగితం అదే" అన్నారు.

ఎగ్జిబిట్లు, అంటే సాక్ష్యంగా కోర్టులో పెట్టిన కాగితాలు, వాపసు కోరుతూ దరఖాస్తు వేశాను. దాని స్థానంలో ఉంచడానికి ధ్రువీకరించిన నకలు కావాలన్నారు. స్టాంపులు కట్టాం. మొదటి వాయిదాకు రికార్డు రూము నుంచి కట్ట రాలేదు.